కారెక్కిన సైకిల్

*వైరా కట్ట దగ్గర బయల్దేరితే కుమావూ కొండల్లో తేలే దారి ఒకటుంది. మధ్యలో రెండు వేల కిలోమీటర్లు. దసరా దాటగానే ఆ దారి పట్టాలని మూటాముల్లె సర్దుకుంటున్న ఒక ఇంటి నుంచి ఈ వారం ముఖచిత్ర కథనం.*

"పదకొండు" అన్నాడు సైకిల్ షాపు తాత, చివరి ముల్లు పీకుతూ.

వైరాలో మా ఇంటిల్లిపాదీ సైకిళ్లు బాగు చేయించుకునే షాపు అది. షాపంటే ఒక రేకుల పందిరి, గాలి పంపు, నీళ్ల తొట్టి, నూనె మరకలతో నల్లబడ్డ చెక్కపెట్టె. ముందు రోజు సాయంత్రం మా అన్నయ్య కొడుకు రిజర్వాయర్ కట్ట దిగి, చేల పక్క బండ్ల బాటలో ఓ గంట తొక్కి వచ్చాడు. వెనక టైరు నిండా పల్లేరు కాయలు. పల్లేరు సంగతి తెలిసిందే కదా, ఎటు పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. తాత పట్టకారుతో ఒక్కొక్కటీ లాగుతుంటే, రంధ్రంలోంచి తెల్లటి పాలు ఉబికి, రెండు బుడగలు కట్టి, గడ్డకట్టి ఆగిపోతున్నాయి. అచ్చం జిల్లేడు కొమ్మ విరిచినట్టే. గాలి మాత్రం పోలేదు.

"ఇందులో ట్యూబు లేదా?"

"లేదు తాతా. టైరులోనే ఆ మందు పోస్తారు. ముల్లు దిగితే అదే పూడ్చుకుంటుంది."

తాత టైరును బొటనవేలితో ఒకసారి నొక్కి చూశాడు. నమ్మకం కుదరక మళ్లీ నొక్కాడు. తర్వాత నావైపు తిరిగాడు. "మరి నేనేం తినాలి సారూ?"

షాపు ముందు మా కారు ఆగి ఉంది. దాని నెత్తిన ఇనుప కడ్డీలు, కడ్డీల మీద అప్పటికే ఎక్కి కూచున్న రెండు సైకిళ్లు. వచ్చేపోయేవాళ్లు ఆగి చూస్తున్నారు. సైకిల్ మనిషిని మోయాలి, కారూ మనిషిని మోయాలి. కారు సైకిల్‌ని మోయడమేమిటని వాళ్ల మొహాల్లో ప్రశ్న. నిజం చెప్పొద్దూ, మొదట్లో నాకూ అదే ప్రశ్న.

డాలస్ నుంచి అంటుకున్న జబ్బు

దీనికంతటికీ కారకుడు మా చిన్నమ్మ మనవడు. డాలస్‌లో ఉంటాడు. కిందటి ఏప్రిల్‌లో కారు వెనక సైకిళ్లు తగిలించుకుని, సుమారు వెయ్యి మైళ్లు నడిపి, యూటా రాష్ట్రంలోని మోఅబ్‌కు వెళ్లొచ్చాడు. కొండల్లో సైకిల్ తొక్కేవాళ్లకు అది కాశీ లాంటి ఊరు. అక్కడి ఎర్ర ఇసుకరాతి గుట్టల మీద స్లిక్‌రాక్ అనే బాట ఉంది. 1969లో మోటారు సైకిళ్ల కోసం గుర్తులు పెట్టిన బాట అది. తర్వాత సైకిళ్లవాళ్లు సొంతం చేసుకున్నారు.

వీడియో కాల్‌లో ఆ ఫొటోలన్నీ చూపించి, చివర్లో అరచెయ్యి తెరిచాడు. "తిరిగొచ్చేటప్పుడు కొలరాడోలో ఆగాం. రెండు టైర్లూ పోయాయి. చూడు ఈ ముళ్లు."

పల్లేరు! సాక్షాత్తూ మన పల్లేరే. అక్కడ దాన్ని గోట్‌హెడ్ అంటారట, మేక తలకాయలా ఉంటుందని. ఇటు ఖండాల నుంచి అమెరికాకు వలసపోయి స్థిరపడ్డ కలుపు మొక్క. మనవాళ్లలో ఎంతోమందికి ఇంకా రాని గ్రీన్‌కార్డు దీనికి ఎప్పుడో వచ్చేసిందన్నమాట.

ఫోన్ పెట్టేశాక మావాడు, అదే అన్నయ్య కొడుకు, అన్నాడు: "వాడు వెయ్యి మైళ్లు పోయాడు. మనం పోలేమా బాబాయ్?" పోదాంలే అన్నాను. ఇంట్లో పిల్లలతో అనే మాటే. వాడు మర్నాడే మ్యాపు తెచ్చి పరిచాడు.

గ్రీజు కాలిన కథ

ఇంతకీ ఈ కొండ సైకిల్ ఎక్కడిది? తాతకు చెప్పినట్టే చెబుతాను. కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన మారిన్ కౌంటీ. 1970లలో అక్కడి కుర్రాళ్లు కొందరు, పనికిరావని మూలన పడేసిన లావు టైర్ల పాత ష్విన్ సైకిళ్లు దుమ్ము దులిపి, కొండ మీదికి మోసుకెళ్లి, మట్టిదారిలో కిందికి వదిలేవారు. 1976 అక్టోబర్ 21న మొదటి పందెం పెట్టుకున్నారు. సుమారు రెండు మైళ్ల దూరంలో 1,300 అడుగుల దిగుడు. ఆ సైకిళ్లకు బ్రేకంటే పెడల్ వెనక్కి తొక్కడమే. ఆ బ్రేకు వెనక చక్రం హబ్బులో ఉంటుంది. కిందికి చేరేసరికి హబ్బు వేడెక్కి లోపలి గ్రీజంతా పొగై పోయేది. మళ్లీ విప్పి, కడిగి, కొత్త గ్రీజు కూరాలి. ఆ కూరడాన్ని బట్టే పందేనికి రీప్యాక్ అని పేరు. 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఇలాంటి దారుల కోసమే కొత్తగా ఫ్రేము కట్టాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ, టామ్ రిచీ ఆ గుంపులోవాళ్లే. ఇరవై ఏళ్లలో, 1996 అట్లాంటాలో, అది ఒలింపిక్స్ ఆట అయింది.

తాత అంతా విని, "అంటే ఓవరాయిలింగే కదా" అన్నాడు. అంతే మరి. బాల్సు కడిగి గ్రీజు పెట్టడం ఆయన ఎన్ని వేల సార్లు చేశాడో లెక్కలేదు.

మన దేశంలో ఈ సరదా హిమాచల్‌లో గట్టిగా వేళ్లూనింది. సిమ్లా కేంద్రంగా ఎంటీబీ (మౌంటెన్ బైక్) హిమాలయ పందేలు 2005లో మొదలయ్యాయి. 2022లో లేహ్‌లో అంతర్జాతీయ పోటీ జరిగింది. మావాడి మనసు లేహ్ మీదే ఉండేది. నేనే కుదరదన్నాను. ఎందుకో తర్వాత చెబుతాను.

గడప ముందే హిమాలయం రోడ్డు

మ్యాపు పరిచాక నాకొక సంగతి తెలిసి, ఇన్నాళ్లూ ఎలా తెలియలేదా అనిపించింది. వైరా నుంచి తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం సుమారు 60 కిలోమీటర్లు. అక్కడ భద్రాచలం వైపు తిరిగే రోడ్డు జాతీయ రహదారి 30. మనకది భద్రాచలం రోడ్డు. మా నాన్నగారి తరానికి విజయవాడ రోడ్డు. పాత నంబరు 221. కానీ 2010లో రహదారుల నంబర్లు మార్చినప్పుడు దాన్ని పొడవాటి దారిలో కలిపేశారు. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నంలో ఒక కొస; రెండో కొస ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్. అక్కడి నుంచి హల్ద్వానీ మీదుగా కుమావూ కొండలెక్కితే భీమ్‌తాల్, సాత్‌తాల్. అంటే సీతారాముల కల్యాణానికి బస్సులో పోయిన రోడ్డు, మలుపు తిరక్కుండా పోతే హిమాలయం పాదాల దగ్గర ఆగుతుంది.

నాగపూర్ మీదుగా నాలుగు లైన్ల దారి ఉంది, అది సుఖం. ఖమ్మంలో ఢిల్లీ రైలెక్కి సైకిల్‌ని పార్శిల్‌లో వేయడం ఇంకా సుఖం. అక్కడే అద్దెకు తీసుకుంటే అన్నిటికన్నా చవక. ఇవన్నీ లెక్కలేసి, పక్కన పెట్టాం. ఈ రోడ్డు చూడకుండా పోవడం మాకు ఇష్టం లేదు.

> రోజుకు ఎంత?
>
> వైరా నుంచి జగదల్‌పూర్: సుమారు 350 కి.మీ. (భద్రాచలం, చింతూరు, కుంట, సుక్మా)
> జగదల్‌పూర్ నుంచి కవర్ధా: 420 (కేష్కాల్ ఘాట్, ధమ్‌తరి, రాయ్‌పూర్)
> కవర్ధా నుంచి కట్నీ: 330 (చిల్పీ ఘాట్, మండ్లా, జబల్‌పూర్)
> కట్నీ నుంచి లక్నో: 480 (రీవా, ప్రయాగ్‌రాజ్, రాయ్‌బరేలీ)
> లక్నో నుంచి భీమ్‌తాల్: 430 (బరేలీ, పీలీభీత్, సితార్‌గంజ్)
>
> కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తే ఒకవైపు 134 లీటర్లు. లీటరు రూ.107 లెక్కన 14 వేల పైచిలుకు. టోల్, తిండి, బస వేరే. ముగ్గురు పంచుకుంటే రైల్లో ఏసీ టికెట్టు, సైకిల్ పార్శిల్ కలిపినదానికి మరీ దూరమేం కాదు.

కుంట దాటాక

ఇంట్లో పెద్దవాళ్ల అభ్యంతరం దూరం గురించి కాదు. "ఆ రోడ్డా?" అన్నారు మా వదిన.

ఆవిడ భయం ఉత్తది కాదు. కుంట నుంచి జగదల్‌పూర్ దాకా ఉన్న దారి రెండు దశాబ్దాలు పత్రికల్లో ఎప్పుడూ మంచి వార్తగా రాలేదు. 2013 మే 25న దర్భా లోయలో కాంగ్రెస్ నాయకుల కాన్వాయ్ మీద మావోయిస్టులు దాడి చేసింది ఈ రోడ్డు మీదే. మహేంద్ర కర్మ, నందకుమార్ పటేల్ అక్కడే చనిపోయారు. గాయపడ్డ విద్యాచరణ్ శుక్లా తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశారు. ఆ ఏళ్లలోనే అటు నుంచి గుత్తికోయలు కుటుంబాలకు కుటుంబాలుగా ఊళ్లు వదిలి మన అడవుల అంచుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. 2026 మార్చి 31 నాటికి మావోయిజాన్ని తుడిచేస్తామని కేంద్రం గడువు పెట్టుకున్నాక, ఎన్‌కౌంటర్లు, లొంగుబాట్ల వార్తల మధ్య భద్రాచలం, కొత్తగూడెం హోటళ్లలో ఒక మాట వినపడుతోంది: "ఇప్పుడు రోడ్డు బాగుంది, పోవచ్చు."

పోవచ్చు. మేం పోతున్నాం కూడా. కానీ ఎవరి ఊళ్లో ఎవరి శవాలు లేచాయో తెలిసిన దారిలో ఫొటోలకని ఆగడం నాకు ఇష్టం లేదు. పొద్దున్నే భద్రాచలం దాటాలి, కుంటలో టీ తాగి దారి సంగతి కనుక్కోవాలి, వెలుతురుండగానే జగదల్‌పూర్ చేరాలి, రోడ్డు వదిలి పక్కకు దిగకూడదు. వదిన పెట్టిన ఈ నాలుగు షరతులకూ ఒప్పుకున్నాం.

కుంట దాకా తెలుగు వినపడుతూనే ఉంటుంది. శబరి ఒడ్డున ఉన్న ఊరు. ఆ తర్వాత దోర్ల, గోండి, హల్బీ. ఓరుగల్లు పడిపోయాక ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు గోదావరి దాటి ఇటే వచ్చి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని ఆ రాజవంశం చెప్పుకునే కథ. మన వైపు నుంచి ఈ దారిన పోయిన తొలి ప్రయాణికుడు ఆయనే అనుకోవాలి. వెనక్కి రాలేదు పాపం.

జగదల్‌పూర్‌కు ముందు కాంగేర్ లోయ జాతీయ వనం, తీరథ్‌గఢ్ జలపాతం ఉన్నాయి. సైకిల్ దించాలని చెయ్యి దురద పెడుతుంది. జాతీయ వనంలో అనుమతి లేకుండా దించకూడదు.

> గోదారి ఒప్పుకుంటేనే
>
> ఈ ప్రయాణంలో మొదటి చెక్‌పోస్టు గోదావరి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. 1986 ఆగస్టులో నీటిమట్టం 75.6 అడుగులు తాకింది. 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు, 1965లో రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ ప్రారంభించిన వంతెన మీద రాకపోకలు ఆపేశారు. వరద పెరిగితే గోదావరి శబరిని వెనక్కి నెడుతుంది. చింతూరు, కుంట వైపు రోడ్డు మునుగుతుంది. అందుకే జూలై, ఆగస్టుల్లో ఈ దారి వద్దు. అటు కొండల్లోనూ అప్పుడే చరియలు విరిగిపడేది. డిసెంబర్, జనవరిల్లో ఉత్తరాది మైదానమంతా పొగమంచు. మిగిలింది దసరా, దీపావళి రోజులు.

కట్టడమే సగం పని

సైకిల్ తొక్కడం ఎలాగో చెప్పే వీడియోలు కోకొల్లలు. దాన్ని కారు మీద రెండు వేల కిలోమీటర్లు తీసుకెళ్లడం ఎలాగో మాకు ఇడ్లీ బండి దగ్గర తెలిసింది.

గత నెల రిహార్సల్‌కని పాల్వంచ వైపు వెళ్లాం. ముందు చక్రాలు విప్పి డిక్కీలో పెట్టాం, సైకిళ్లు పైన. వైరా దాటగానే నెత్తిన ఒకటే రొద, తేనెపట్టు కదిపినట్టు. ఇంజిన్‌దా, టైరుదా అని రెండుసార్లు ఆగి చూశాం. చివరికి అది కట్టుపట్టీ. బల్లపరుపుగా లాగి కట్టిన పట్టీ గాలికి అదురుతుంది. మధ్యలో ఒక్క మెలిక తిప్పి కట్టగానే నోరు మూసుకుంది.

పాల్వంచలో అసలు కథ. సైకిల్ దించుతూ, మాతో వస్తున్న మావాడి స్నేహితుడు అలవాటు కొద్దీ ముందు బ్రేకు పట్టుకున్నాడు. ఇవి నూనె ఒత్తిడితో పనిచేసే డిస్క్ బ్రేకులు. చక్రం లేనప్పుడు లివర్ నొక్కితే, మధ్యలో అడ్డుండే డిస్కు ఉండదు కాబట్టి, రెండు ప్యాడ్లూ ముందుకొచ్చి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇక చక్రం ఎక్కదు. కాగితం దూరే సందు కూడా లేదు. స్క్రూడ్రైవర్ పెడితే ప్యాడ్లు గీరుకుపోతాయేమోనని భయం. పక్కనే ఇడ్లీ బండి. ఆమెను స్టీలు చెంచా అడిగాం. చెంచా కాడ గుండ్రంగా, పల్చగా ఉంటుంది. సందులోకి మెల్లగా దూర్చి, అటూ ఇటూ ఊపుతూ తోస్తే, పావుగంటకు వెనక్కి జరిగాయి. "తిననీకి అడిగిండ్రనుకున్న" అంది ఆమె. ముగ్గురం రెండేసి ప్లేట్లు తిన్నాం. చెంచా మాత్రం కొనుక్కున్నాం. ఇప్పుడు చక్రం విప్పగానే ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క పెడుతున్నాం. అయినా చెంచా పనిముట్ల సంచిలోనే ఉంది.

ఇంకొకటి ఎత్తు. సైకిల్ నిలబెట్టి కట్టాక టేపుతో కొలిస్తే నేల నుంచి ఎనిమిదడుగుల తొమ్మిది అంగుళాలు. ఆ అంకె ఒక చీటీ మీద రాసి స్టీరింగ్ ముందు అంటించాం. రైల్వే అండర్‌పాసులు, హోటల్ పోర్టికోలు, పార్కింగ్ ద్వారాలు... మూడు రోజులు నడిపాక నెత్తిన ఏముందో మర్చిపోవడం ఖాయం. వెనక తగిలించే కడ్డీలైతే ఈ బెడద లేదు గానీ నంబరు ప్లేటు, లైట్లు కప్పేస్తాయి, పోలీసు ఆపుతాడు.

రాత్రి నడపకూడదన్నది మాత్రం బేరం లేని నియమం. 2025 కుంభమేళాకు మన తెలుగు కుటుంబాలు వేలల్లో ఇదే జబల్‌పూర్, రీవా దారిన ప్రయాగ్‌రాజ్ వెళ్లాయి. ఆ ఫిబ్రవరి 11న జబల్‌పూర్ జిల్లా సిహోరా దగ్గర ట్రక్కు ఢీకొని హైదరాబాద్ నాచారం యాత్రికులు ఏడుగురు చనిపోయారు. తప్పు తమది కాకపోయినా ప్రాణం పోయే రోడ్లవి. నిద్రమత్తును దానికి తోడు చేయక్కర్లేదు.

లేహ్ ఎందుకు వద్దన్నానంటే

ఖమ్మం ప్రాంతం సముద్రమట్టానికి వంద మీటర్ల పైచిలుకు ఎత్తు. లేహ్ దగ్గరి ఖర్దుంగ్ లా కనుమ 5,359 మీటర్లు. అక్కడ ఊపిరికి అందే ఆక్సిజన్ మన దగ్గర దొరికేదాంట్లో దాదాపు సగం. మూడు వేల మీటర్లు దాటాక పడుకునే చోటు ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదని పర్వత వైద్యం చెబుతుంది. అంటే శరీరం అలవాటు పడేందుకే రోజులు కావాలి. మాకున్న సెలవులు పదిహేను, అందులో పది రోడ్డుకే పోతున్నాయి.

సాత్‌తాల్, భీమ్‌తాల్ సుమారు 1,370 మీటర్లే. ముక్తేశ్వర్ రెండు వేల మీటర్లు దాటుతుంది. పోస్టుకార్డు అందాలు కాకపోయినా, బాంజ్ ఓక్, చీడ్ పైన్ అడవుల్లో ఊరి నుంచి ఊరికి రాళ్లు పరిచిన పాత కాలిబాటలు ఉన్నాయి. అవి సైకిళ్ల కోసం వేసినవి కావు. ఆడవాళ్లు గడ్డిమోపులతో, కంచరగాడిదలు ఇసుక బస్తాలతో నడిచే దారులు. ఆ అడవుల్లో చాలావాటిని 1931 నుంచీ వన పంచాయతీలే చూసుకుంటున్నాయి. కాబట్టి మోపు ఎదురైతే సైకిల్ దిగి పక్కకు తప్పుకోవాలి. కంచరగాడిదలు ఎదురైతే కొండ వైపే నిలబడాలి. లోయ వైపు నిలబడితే బస్తా తగిలి మనమే కింద ఉంటాం. చిరుతలున్న అడవి, పొద్దు వాలకముందే ఇల్లు చేరాలి.

"ఏం మోస్తది?"

కొండెక్కే అభ్యాసానికి వైరాలో కట్ట తప్ప ఎత్తు లేదు. అందుకని వారం వారం జూలూరుపాడు వైపు అడవి అంచుకు పోతున్నాం. పత్తి చేల వెనక ఎర్రమట్టి డొంకలు, వానకు కోసుకుపోయిన గాడులు, సైకిల్ చక్రం మాత్రమే పట్టే కాలిబాటలు. డాలస్ నుంచి చిన్నమ్మ మనవడు చూసి, "ఇలాంటి బాట ఇక్కడ డబ్బిచ్చి తవ్విస్తారు" అన్నాడు. కిన్నెరసాని మాత్రం అభయారణ్యం. 635 చదరపు కిలోమీటర్ల ఆ అడవిలోకి అటవీశాఖ అనుమతి లేకుండా చక్రం దించకూడదు. అంచు ఊళ్లలోనూ చూసుకుని తొక్కాలి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపువ్వు రాలే చెట్ల కింద నేల ఊడ్చి పెట్టుకుంటారు. దాని మీంచి లావు టైరుతో పోతే ఒకరి పూట కూడు తొక్కినట్టే.

మొన్న ఆదివారం అలాంటి డొంకలోనే ఒక కోయ పెద్దాయన ఎదురొచ్చాడు. పాత సైకిల్, వెనక వడ్ల బస్తా, మధ్య కడ్డీకి కట్టిన గొడ్డలి. ఏటవాలు రాగానే దిగి, ఒక చేయి సీటు మీద, ఒక చేయి హ్యాండిల్ మీద వేసి, మేం రెండుసార్లు జారిపడిన చోట అలవోకగా తోసుకుంటూ ఎక్కేశాడు. పైకొచ్చాక మావాడి టైరు పట్టి చూశాడు.

"గింత లావు టైరా? ఏం మోస్తది?"

"ఏం మోయదు పెద్దయ్యా."

"మరి ఎటు పోతున్రు?"

"ఇటే, ఊరికే తిరుగుదామని."

ఆయన ఇంకేమీ అడగలేదు. బస్తా సర్దుకుని ఎక్కి పోయాడు. లక్ష దాకా పోసి కొన్న సైకిల్ పక్కన నిలబడి మావాడు చాలాసేపు మాట్లాడలేదు.

బయల్దేరే ముందు

సామాను చీటీ తగ్గుతూ వస్తోంది. మూడు జతల బూట్లు ఒక జతకు, రెండు పంపులు ఒకదానికి. స్పేర్ ట్యూబులు, చైన్ లింకులు, బ్రేకు ప్యాడ్లు, హెల్మెట్లు మాత్రం తీసేది లేదు. గొలుసు కందెన కారులో ఎక్కడ పెట్టినా వదిన ఇచ్చిన పచ్చడి సీసా పక్కకే చేరుతోంది. రెంటికీ మూతలకు టేపు వేశాం.

నిన్న సాయంత్రం చివరిసారి చక్రాల బెండు తీయించడానికి తాత దగ్గరికి వెళ్లాం. ఆయనకు యంత్రం అక్కర్లేదు. చక్రం తిప్పి, వేలుగోరు రిమ్ముకు ఆనించి, ఎక్కడ గీసుకుంటే అక్కడి పుల్ల పావుచుట్టు బిగిస్తాడు. పది నిమిషాల్లో అయిపోయింది. డబ్బులివ్వబోతే, "అవి వద్దు గానీ, ఆ పాలసీసా ఏది?" అన్నాడు. అడుగున పావు వంతు మిగిలింది, ఇచ్చాం.

పందిరి కింద ఒక హైస్కూలు పిల్ల సైకిల్ బోర్లించి ఉంది. వారంలో మూడుసార్లు పంక్చరవుతోందట, దారి పొడుగునా పల్లేరు. తాత వెనక చక్రం వాల్వు పీకి, కొబ్బరినూనె పోసినట్టు ఆ మందు ట్యూబులోకి వంచి, మళ్లీ బిగించి గాలి కొట్టాడు. చక్రాన్ని చేత్తో నాలుగు చుట్లు తిప్పాడు.

"ట్యూబులో పనిచేస్తుందా తాతా?" అన్నాడు మావాడు.

"నువ్వు తిరిగొచ్చేలోపు తెలుస్తది. ముందు వాల్వు అంటుకుపోకుండా ఉంటే గదా" అని, చెవి టైరుకు ఆనించి కూచున్నాడు.